అరువు నొప్పి

"ఇవాళ ఏం జబ్బు?" అని అడిగాడు సూర్యారావు ఇడ్లీ తుంచుకుంటూ.

"టీచరమ్మ గారి రాళ్ళు," అంది సత్యవేణి, చట్నీ గిన్నె ఆయన ముందుకి జరిపి.

"అంటే కుడిపక్క. మొన్నటి బోటు మేస్త్రీ అపెండిక్సూ కుడిపక్కే. ఎడమపక్కకి ఎవరూ దొరకలేదా మీ డాక్టరు గారికి?"

"ఎడమ చెవిలో మీ నస ఉందిగా, అది చాలు."

సూర్యారావు నవ్వాడు. కాకినాడ ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. భార్య పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని జబ్బు తెచ్చుకోవడానికి బయల్దేరడం ఆయనకి రెండేళ్ళయినా వింతగానే ఉంది. "లోకమంతా జబ్బు వదిలించుకోడానికి ఆస్పత్రికి పోతే, మా ఆవిడ తగిలించుకోడానికి పోతుందండీ" అని వీధిలో అందరికీ చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో వెక్కిరింత ఎంత ఉండేదో, గొప్ప కూడా అంతే ఉండేది.

జగన్నాథపురం వంతెన దిగగానే డాక్టర్ రత్నం గారి దవాఖానా. కింద మామూలు రోగులు, దగ్గులూ జ్వరాలూ బీపీలూ. మేడ మీద పాఠం. వైద్య కళాశాల వాళ్ళు ఏడాదికొక జట్టు విద్యార్థుల్ని ఆయన దగ్గరికి పంపేవారు, పెద్దాసుపత్రి యంత్రాల మధ్య కాక, వీధి డాక్టరు దగ్గర రోగిని చూడటం నేర్చుకోమని. తను వైద్యం చదువుకునే రోజుల్లో, నొప్పితో మెలికలు తిరిగే మనిషి పొట్టని పాతికమంది వంతులవారీగా నొక్కడం రత్నం గారు చూశారు. నొక్కారు కూడా. అందుకే బెల్టు బయటికి రాగానే ముందుగా అడిగి తెప్పించుకున్నారు.

దానికి కనిపెట్టినవాళ్ళు పెట్టిన పేరు చాలా పొడుగు. అందరూ బెల్టు అనే అంటారు. వెడల్పాటి గుడ్డ పట్టీ, లోపలివైపు చేప పొలుసుల్లాంటి బిళ్ళలు. అసలు రోగికి కడితే అతని నరాల్లో నడిచే బాధని వింటుంది. విన్నదాన్ని దాచుకుని, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కట్టినప్పుడు ఆ నరాలకి వినిపిస్తుంది. జబ్బు రాదు. జబ్బు చేసే పనులన్నీ జరుగుతాయి. పొట్ట బిగుస్తుంది, చెమట పోస్తుంది, నాడి పరుగెడుతుంది. విద్యార్థులు ఎన్నిసార్లు నొక్కినా, ఇక చాలనగానే మీట తిప్పేస్తే ఆగిపోతుంది.

సత్యవేణి ఏ నొప్పినీ జబ్బు పేరుతో పిలిచేది కాదు. అది ఇచ్చిన మనిషి పేరుతో పిలిచేది. బోటు మేస్త్రీది దుడుకు నొప్పి, తలుపు తోసుకుని వస్తుంది. టీచరమ్మది మర్యాదస్తురాలి నొప్పి. మెల్లగా కుడి డొక్క కింద చేరి, అక్కడినుంచి వీపు మీదికి పాకుతుంది. వాళ్ళు అనుమతిచ్చి దాచిపెట్టిన బాధ అది. దానికి ఒక మూలుగు ఎక్కువ కలపకూడదు, ఒకటి తగ్గించకూడదు. కూరలో ఉప్పు విషయంలో ఎంత నిక్కచ్చో, ఇందులోనూ అంతే.

ఆమె జువాలజీ డిగ్రీ పట్టా బీరువాలో పట్టుచీరల కింద ముప్పయ్యేళ్ళు పడుకుంది. ఇప్పుడు తెల్లకోటు పిల్లలు మెట్లమీద ఎదురైతే పక్కకి తప్పుకుని "నమస్తే మేడం" అంటున్నారు. ఆ మాట వినపడినప్పుడల్లా ఆమె కొంగు సరిచేసుకునేది. సరిగ్గా ఉన్నా సరే.

ఆ రోజు టీచరమ్మ నొప్పితో పడుకున్న సత్యవేణి పొట్టమీద చెయ్యి వేసిన అమ్మాయి పేరు మౌక్తిక. చెయ్యి తగలగానే సత్యవేణి ఉలిక్కిపడింది.

"అమ్మాయ్, ఈ చేతులు ఫ్రిజ్జులోంచి తీసుకొచ్చావా?"

మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ళలో రిత్విక్ అనేవాడు, "దాని చేతులు ఎప్పుడూ అంతే మేడం, హాస్టల్లో నీళ్ళ సీసా దానికిచ్చి చల్లబరుచుకుంటాం" అన్నాడు.

మౌక్తిక చేతులు గబగబా రుద్దుకుని మళ్ళీ మొదలెట్టింది. పక్కటెముక కింద వేళ్ళు ఆనించి, "గట్టిగా ఊపిరి పీల్చండమ్మా" అంది. ఊపిరి సగంలో ఉండగా టీచరమ్మ నొప్పి వేళ్ళకి తగిలింది. సత్యవేణి ఊపిరి అక్కడే ఆగిపోయింది. మౌక్తిక ఇంకా పొట్టవంకే చూస్తోంది.

"నొప్పి పొట్టలో ఉందిగానీ తల్లీ, అది కనపడేది మొహంలో. నా వంక చూడు," అంది సత్యవేణి.

పాఠం అయ్యాక పిల్ల ఒక్కతీ మిగిలింది. కిందటి పరీక్షలో తప్పింది. అందరికంటే నిదానం. ఈసారి కూడా తప్పితే ఏడాది వెనక్కి పోతుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అన్నీ అడుగుతానమ్మా. ఆకలి, నిద్ర, వాంతులు. వరసగా అడుగుతాను. అయినా ఏదో ఒకటి వదిలేశానంటారు."

సత్యవేణి గుమ్మం వైపు చూపించింది. రత్నం గారి దగ్గర ఎవరైనా చెప్పులు వరండాలో విడిచే లోపలికి రావాలి. ఆ గుమ్మం పక్కన గోడ, వెళ్ళేవాళ్ళు ఆనుకుని చెప్పులు తొడుక్కునే చోట, చేతుల మరకలతో నల్లబడి ఉంది.

"కుర్చీలో కూర్చున్నంతసేపూ మేం మీకు కావలసిన జవాబులు చెప్తాం. అసలు మాట అక్కడ, చెప్పులు తొడుక్కునేటప్పుడు వస్తుంది. 'అన్నట్టు డాక్టరు గారూ, అదేం పెద్దది కాదులెండి' అని మొదలెడతాం. మీరేమో అప్పటికి తర్వాతివాళ్ళని పిలిచేస్తుంటారు. నువ్వు గుమ్మం దాకా రా. వచ్చి నిలబడు."

"నిలబడి ఏం అడగాలి?"

"నిలబడితే నీకే తెలుస్తుంది."

బెల్టుకి ఒక ఖర్చుంది. మీట ఆపాక కూడా అరువు నొప్పి కాస్త ఒంట్లో ఉండిపోయేది, పాట ఆగాక చెవిలో రాగం ఉన్నట్టు. దాన్ని 'మిగులు' అనేవారు. రెండు మూడు రోజుల్లో పోయేది. అయితే కట్టినకొద్దీ ఒళ్ళు ఆ బాధలకి అలవాటుపడి, మిగులు ఎక్కువ రోజులు నిలుస్తుంది. సత్యవేణికి ముందు పనిచేసిన లూర్దమ్మకి ఎవరిదో కిడ్నీ రాయి నొప్పి వచ్చి నెలలపాటు తిష్ఠ వేసింది. వారం దాటి మిగులు ఉంటే బెల్టు కట్టకూడదని అప్పుడే రత్నం గారు నియమం పెట్టారు. లూర్దమ్మకి పూలదండ వేసి, శాలువా కప్పి, ఫోటో తీసి ఇంటికి పంపారు. మర్నాటినుంచి ఆమెని మేడం అన్నవాళ్ళు లేరు.

ఒక ఆదివారం ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని డాబా ఎక్కుతుంటే సత్యవేణికి రొమ్ముల మధ్య రుబ్బురోలు పెట్టినట్టయింది. మెట్టుమీద కూర్చుండిపోయింది. బరువు మెడలోకి, అక్కడినుంచి కింది దవడలోకి ఎక్కింది. కాసేపు కదలకుండా ఉంటే దానంతటదే దిగిపోయింది.

"ఏంటే అలా కూర్చున్నావ్?" అని కిందనుంచి కేకేశాడు సూర్యారావు.

"ఏం లేదండీ. టీచరమ్మ ఇంకా వెళ్ళలేదు."

"కాఫీ ఇచ్చి పంపెయ్యవోయ్!"

ఆ రోజు ఆయనకి ఇష్టమని గారెలు వేసింది. పిండి గిన్నె పొయ్యి దాకా ఎత్తినప్పుడు రుబ్బురోలు మళ్ళీ వచ్చింది. గరిట చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గట్టు పట్టుకుని, ఆమె తనకి తెలిసిన నొప్పులన్నింటినీ ఒక్కొక్కటే తలుచుకుంది. బోటు మేస్త్రీ, టీచరమ్మ, రైల్వే గార్డు అల్సరు, ఇంకా మిగతావాళ్ళు. వీళ్ళలో దవడ దాకా వచ్చినవాళ్ళు ఎవరు? ఎవరూ లేరు.

కళాయిలో గారె మాడింది. అటువంటిది ఆ వంటింట్లో జరగదు. ఆమె దాన్ని తీసి పక్కన పారేసి, రెండోది వేసింది. మిగులే అయ్యుంటుంది, నాలుగు నొప్పులు కలిసి కొత్తదారి పట్టి ఉంటుంది అని మనసుకి చెప్పుకుంది. మనసు ఒప్పుకోలేదు. కానీ మనసుకంటే శాలువా దగ్గరగా కనపడింది. పరీక్షలు వచ్చేస్తున్నాయి. ఈ జట్టుని గట్టెక్కించాక చెప్దాం అనుకుంది. మూడు వారాలు గడిచాయి.

పరీక్ష రోజున రిక్షా దిగి మేడమెట్లు ఎక్కుతూ సత్యవేణి మధ్యలో ఆగింది. అక్కడి కుండీలో క్రోటన్ మొక్క ఆకులు తిప్పి చూస్తున్నట్టు నిలబడింది. పైన వరండాలో పిల్లలు పుస్తకాలు తిరగేస్తున్నారు. మౌక్తిక మాత్రం చేతులు చంకల్లో దాచుకుని కూర్చుంది, వేడెక్కడానికి. ఆమె కళ్ళు క్రోటన్ మొక్క దగ్గర ఒక్క క్షణం ఆగాయి.

కళాశాలనుంచి పరీక్షకురాలిగా డాక్టర్ పద్మాసని గారు వచ్చారు. కళ్ళద్దాలు ముక్కు చివర, గడియారం చేతిలో. నియమాలు అందరికీ తెలిసినవే. ఎవరి నొప్పి కట్టారో ముందు చెప్పరు. గంట కొట్టేదాకా రోగిని చూడాలి. గంట కొట్టాక బెల్టు ఆపేస్తారు. రోగి బయటికి వెళ్తుంది, విద్యార్థి పక్క గదిలో కూర్చుని కాసేపట్లో తను కనుక్కున్నది రాసివ్వాలి. రోగిగా ఉన్నవాళ్ళకి రత్నం గారి నియమం ఇంకొకటుంది. అడిగితేనే చెప్పాలి. అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు. ఈ రెండేళ్ళలో సత్యవేణి దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు.

రిత్విక్ చకచకా చూసి చకచకా రాసిచ్చాడు. పిత్తాశయంలో రాళ్ళు. పద్మాసని గారు తలూపారు. తర్వాతివాళ్ళూ దాదాపు అదే.

మౌక్తిక వచ్చింది. చేతులు ఈసారి గోరువెచ్చగా ఉన్నాయి. నొక్కుతున్నంతసేపూ సత్యవేణి మొహంలోకే చూసింది. ఊపిరి సగంలో తెగినప్పుడు వేళ్ళు వెంటనే తీసేసి, "సారీ అమ్మా, ఇంక నొక్కను" అంది. ఆ మాట ఎవరూ నేర్పలేదు. ఇంకా ఏదో అడగబోతుంటే గంట కొట్టేశారు. మళ్ళీ నిదానమే.

రత్నం గారు మీట తిప్పారు. టీచరమ్మ మర్యాదగా సెలవు తీసుకుంది. సత్యవేణి మంచం దిగి, మంచినీళ్ళ కోసం వరండాలోకి నడిచింది. గుమ్మం దగ్గర గోడకి చెయ్యి ఆనించి, వంగి, కాలు చెప్పులో దూర్చింది. వంగేసరికి రుబ్బురోలు వచ్చి కూర్చుంది. చెయ్యి దానంతటదే దవడ మీదికి పోయింది.

తల ఎత్తితే గుమ్మంలో మౌక్తిక. కాగితం పక్క గదిలో తెల్లగా అలాగే ఉంది. పిల్ల రాయడానికి కూర్చోనే లేదు.

"బెల్టు ఆపేశారు కదమ్మా," అంది మెల్లగా. "మరి దవడ ఎందుకు పట్టుకున్నారు?"

పన్ను అన్న మాట సత్యవేణి నాలుక చివరిదాకా వచ్చింది. పన్ను నొప్పి అంటే చాలు. ఈ పిల్ల వెనక్కి వెళ్ళి నాలుగు ముక్కలు రాసుకుని పాసవుతుంది. తనకి శాలువా తప్పుతుంది. రేపు పొద్దున మళ్ళీ ఇస్త్రీ చీర కట్టుకోవచ్చు.

లోపలినుంచి పద్మాసని గారి గొంతు వినపడింది. "ఏమ్మా, గంట అయిపోయాక రోగితో మాటలేంటి? వచ్చి రాసుకో."

మౌక్తిక కదల్లేదు. "మీరు పొద్దున మెట్లమీద మొక్క చూడట్లేదు. టీచరమ్మ గారి నొప్పికి మెట్లతో పనిలేదు కదమ్మా. ఇది ఎవరి నొప్పి?"

సత్యవేణి ఆ పిల్ల మొహం చూసింది. భయంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం అటూ ఇటూ పోకుండా తన మొహం మీదే నిలిచి ఉన్నాయి, తను చెప్పినట్టే. ఛాతీలో అంత బరువు మధ్యలో కూడా సత్యవేణికి ఒకటి పొంగుకొచ్చింది. అది గర్వమని తర్వాత తెలిసింది. ఇంత చక్కగా అడిగిన ప్రశ్నకి అబద్ధం చెప్తే తను నేర్పిందంతా అబద్ధమైపోతుంది.

"నాదే," అంది. "మూడు వారాలనుంచీ. అదేం పెద్దది కాదులే అనుకున్నాను."

మౌక్తిక ఆమెని అక్కడే, చెప్పుల మధ్యలో కూర్చోబెట్టి, నాడి పట్టుకుని, "సార్!" అని కేక పెట్టింది. దవాఖానాలో అంత గట్టి కేక ఎవరూ పెట్టగా సత్యవేణి వినలేదు.

రత్నం గారు కిందనుంచి ఈసీజీ యంత్రం తెప్పించారు. కాగితం బయటికొస్తుంటే ఆయన మొహం చిన్నబోయింది. నోట్లో మాత్ర నమిలించారు. గడియారం బల్లమీద పడేసి అంబులెన్సుకి ఫోన్ చేసింది పద్మాసని గారే. పెద్దాసుపత్రికి చేర్చేసరికి గుండె రక్తనాళం ఒకటి దారం పట్టేంత సందే మిగిల్చి మూసుకుపోతోంది. అక్కడి డాక్టర్లు దాన్ని తెరిచి, స్టెంటు పెట్టి, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఏమీ చెప్పలేకపోయేవాళ్ళమన్నారు.

సూర్యారావు మంచం పక్కకి కుర్చీ లాక్కున్నాడు. కూర్చుని అన్నాడు. "కాఫీ ఇచ్చి పంపెయ్యమన్నాను."

"మీకేం తెలుసండీ."

"నాకు తెలీదు సరే. నీకు తెలుసు కదే!"

సత్యవేణి దుప్పటి సరిచేసుకుంది.

మర్నాడు రత్నం గారు వచ్చారు. చేతిలో సంచి ఉంది. సత్యవేణి ముందు సంచివంకే చూసింది, శాలువా ఏమోనని. బత్తాయిలు.

"పరాయివాళ్ళ నొప్పులు నేర్పి, మీ నొప్పి మీరు గుర్తుపట్టలేకుండా చేశానమ్మా," అన్నారాయన, కుర్చీలో కూర్చోకుండానే.

"గుర్తుపట్టాను డాక్టరు గారూ. ఒప్పుకోలేదు. బెల్టు లేకపోయినా మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం చేసేది అదే. గ్యాస్ అంటాం. బెల్టు ఉంది గనక నేను మిగులు అన్నాను."

ఆయన బత్తాయిల సంచి బల్లమీద పెట్టారు. "ఇకమీదట బెల్టు కట్టేముందు పిల్లలు దాన్ని కట్టుకునే మనిషి అసలు ఒంటిని చూసి తీరాలి. రోజూ. మిగులు ఉందని చెప్పినవాళ్ళని ఇంటికి పంపడం కూడా మానేస్తున్నాను. ఆ నియమమే మిమ్మల్ని దాచుకునేలా చేసింది. కానీ మీరిక బెల్టు కట్టకూడదమ్మా."

"తెలుసండి," అంది సత్యవేణి. "ఆ పిల్ల పరీక్ష ఏమైంది?"

"ఏముంది, తెల్లకాగితం. నియమం నియమమే అన్నారు పద్మాసని గారు. వచ్చే నెల మళ్ళీ రాయాలి. ఏడాది పోకుండా చూస్తామన్నారు. వెళ్ళేటప్పుడు మెట్లమీద నిలబడి, ఆ అమ్మాయికి గుమ్మం దాకా రావడం ఎవరు నేర్పారు అని అడిగారు."

"మీరేం చెప్పారు?"

"మా మేడం అన్నాను."

సత్యవేణి కొంగు కోసం వెతుక్కుంది. ఒంటిమీద ఆస్పత్రి గౌను ఉంది.

వెళ్ళబోతూ ఆయన గుమ్మంలో ఆగారు. అసలు మాట అక్కడే వచ్చింది. "అన్నట్టు సత్యవేణి గారూ, బెల్టు వినిపించడమే కాదు, వింటుంది కూడా కదా. ఆ మూడు వారాలూ మీరు మెట్లెక్కి వచ్చి పడుకున్నప్పుడల్లా టీచరమ్మ నొప్పి కింద మీ నొప్పి కూడా దానికి వినపడింది. వేరు చేసి చూశాం. దాన్ని ఉంచమంటారా, చెరిపేయమంటారా? ఆడవాళ్ళ గుండెనొప్పి ఇంత స్పష్టంగా మా దగ్గర ఇంకోటి లేదు."

ఆమె ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. "ఉంచండి. కానీ కట్టుకునేవాళ్ళకి ఎలా మోయాలో నేనే చెప్తాను."

ఆ చెప్పే పని కొత్త జట్టు వచ్చేనాటికి మొదలైంది. మేడమీద కిటికీ పక్కన ఆమెకి ఒక కుర్చీ వేశారు, పరీక్షకుల బల్ల పక్కనే. మౌక్తిక రెండోసారి రాసి పాసైంది. చేతులు మాత్రం ఇప్పటికీ చల్లగానే ఉంటాయిట.

సత్యవేణి నొప్పిని మొదటగా మోయడానికి ముందుకొచ్చిన మనిషిని చూసి రత్నం గారు కూడా ఆశ్చర్యపోయారు. గుండె పరీక్షలన్నీ చేయించుకుని, అన్నీ సవ్యంగా ఉన్నాయన్న కాగితం పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు సూర్యారావు. పొద్దున్న ఇడ్లీలు పెడుతూ సత్యవేణే అడిగింది, "ఇవాళ ఏం జబ్బు?" అని. ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

బెల్టు కట్టి, మీట తిప్పారు. సూర్యారావు కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి రొమ్ము మీదికి, అక్కడినుంచి దవడ మీదికి పోయింది. "అమ్మో... అమ్మో," అని మూలిగాడు.

"అంత మూలగకండి," అంది సత్యవేణి కుర్చీలోంచి. "అది నా నొప్పి. మూలిగే నొప్పి కాదు."

ఆయన నోరు మూసుకున్నాడు. మూలుగు లోపలికి మింగేసరికి ఆ నొప్పి ఎంతటిదో అప్పుడు తెలిసినట్టుంది. నుదుటి మీద చెమట పోసింది. ఆమెవంక చూశాడు.

"ఇది పెట్టుకునా వేణీ, నువ్వా రోజు గారెలు వేసింది?"

"ఒకటి మాడిపోయింది," అంది సత్యవేణి.

కొత్త విద్యార్థి వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, ప్రశ్నలు వల్లించినట్టు అడిగాడు. సూర్యారావు అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాడు, ఒక్క మూలుగు ఎక్కువ కలపకుండా. గంట కొట్టి మీట తిప్పేశారు. పిల్లవాడు చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాడు. సూర్యారావు లేచి గుమ్మం దాటి, నల్లబడ్డ గోడకి చెయ్యి ఆనించి, చెప్పుల కోసం వంగాడు.

సత్యవేణి కుళాయి చప్పుడు వింటూ కూర్చుంది. పిల్లవాడి వంక చూడలేదు, చూస్తే సైగ చేసినట్టవుతుంది. కుళాయి ఆగింది. కాగితాలు పెట్టిన గది వైపు అడుగులు పడ్డాయి. నెమ్మదించాయి. తర్వాత అవి వెనక్కి మళ్ళి, గుమ్మం వైపుకి వచ్చాయి.

ఆమె కొంగు సరిచేసుకుంది. సరిగ్గానే ఉంది.